అనంతపురంలో మిద్దె మీది వాన బోరుకు అందాలంటే

అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మి.మీ. దరిదాపు. ఒకప్పుడు అందులో కొంత ఎర్రనేలలో ఇంకేది, కొంత వంకల్లో పారి చెరువు చేరేది. ఇప్పుడు చేలు ప్లాట్లయ్యాయి, వంకలు రోడ్లయ్యాయి. అదే వాన సిమెంటు మీద జారి గంటలో మురిక్కాలువ పాలవుతోంది. కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు నిలిచేది పైనున్న గరుసు (చివికిన రాతి) పొరలో, రాతి చీలికల్లో మాత్రమే. పైనుంచి ఇంకకపోతే బోరు ఎంత లోతు దించినా లాభం లేదు.

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి సుమారు 40,000 లీటర్లు పట్టవచ్చు. 50 మి.మీ. వాన ఒక్కటి పడితే 3,700 లీటర్లు. దీనికి 6 అడుగుల పొడవు, 6 వెడల్పు, 7 లోతు ఇంకుడు గుంత సరిపోతుంది.

ముందు నేలను పరీక్షించండి. గుంత తీయాలనుకున్న చోట అడుగు లోతు తవ్వి, నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంట చూడండి. అంగుళం కూడా తగ్గకపోతే గుంత అడుగున గరుసు తగిలేదాకా ఆరంగుళాల రంధ్రం వేయించాలి. నల్లరేగడి అయితే గోడ పక్కన ఇంకుడు గుంత వద్దే వద్దు. ఆ నేల ఉబ్బి పునాదిని కదిలిస్తుంది. సంపులో నిల్వ చేసుకోండి. సెప్టిక్ ట్యాంకుకు 15 మీటర్ల ఎడం దొరకని చిన్న ప్లాట్లకూ సంపే మేలు. పునాదికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి.

గుంత అడుగున 3 అడుగుల మేర పెద్ద గుండ్రాళ్లు, వాటిపై అడుగున్నర 40 మి.మీ. కంకర, అర అడుగు 20 మి.మీ. కంకర. కంకరను కడిగి వేయండి, క్రషర్ దుమ్ము నేల రంధ్రాలను పూడ్చేస్తుంది. దాని మీద నైలాన్ వల పరిచి అడుగు దొడ్డు ఇసుక పోయాలి. వల లేకపోతే రెండు వానలకే ఇసుక కంకరలోకి దిగిపోతుంది. పై అడుగు ఖాళీగా వదిలి, చుట్టూ ఇటుక కట్టు కట్టి మూత వేయండి. నిండితే పోవడానికి పైన ఒక పైపు పెట్టాలి.

ఎక్కువమంది తప్పు చేసేది తొలివాన దగ్గరే. మిద్దె మీది దుమ్ము, పావురాల రెట్ట మొదటి ఒకటిన్నర మి.మీ. వానతో వస్తాయి. అంటే సుమారు 140 లీటర్లు గుంతకు పోకుండా ఆపాలి. చాలా ఇళ్లలో దీనికి మూడడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉన్న పైపుకు మూత బిగించి వదిలేస్తారు. అందులో పట్టేది 8 లీటర్లే. 150 లీటర్ల డ్రమ్ము పెట్టండి. అది నిండాకే టీ పైపు నుంచి నీళ్లు గుంతకు మళ్లాలి. డ్రమ్ము అడుగు కుళాయి కాస్త వదిలి ఉంచితే తర్వాతి వానకు దానంతట అదే ఖాళీ అవుతుంది.

బోరు కేసింగ్‌ (గొట్టం)లోకి నేరుగా మిద్దె నీళ్లు వదలకండి. వడకట్టే నేల లేకుండా మురికి చీలికల్లోకి పోతే తీయడం ఎవరి తరమూ కాదు. బట్టలుతికిన నీళ్లూ గుంతకు వద్దు.

ఏటా జూన్‌కు ముందు ఇసుక పైపొర రెండంగుళాలు తీసి కడిగి వేయాలి. అనంతపురంలో వాన బాగా పట్టేది సెప్టెంబరులో కాబట్టి ఆగస్టు చివర మరోసారి మూత తీసి చూడండి. వాన వెలిసిన రెండు రోజులకూ నీళ్లు నిలిచే ఉంటే ఇసుక మూసుకుపోయినట్టే.