హ్యాండ్ పై కారుతోందా, గట్టిపడుతోందా, అడుగు ఉడకడం లేదా? కారణాలు, పరిష్కారాలు

హ్యాండ్ పై అంటే పిండి బిళ్లలో పండ్ల పూర్ణం పెట్టి, కజ్జికాయలా మడిచి ఓవెన్‌లో కాల్చే వంటకం. కింద చెప్పేవన్నీ ఈ కొలతల లెక్కకే. మైదా 250 గ్రాములు, ఉప్పు లేని చల్లటి బటర్ 150 గ్రాములు, పంచదార ఒక టేబుల్ స్పూను, ఉప్పు అర టీస్పూను, ఐస్ నీళ్లు 60 నుంచి 75 మి.లీ. ఈ పిండికి 11 సెం.మీ. వెడల్పు బిళ్లలు పన్నెండు దాకా వస్తాయి. పూర్ణానికి చెక్కు తీసిన ఆపిల్ ముక్కలు 350 గ్రాములు, పంచదార 60 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్ స్పూను, నిమ్మరసం రెండు టీస్పూన్లు, చిటికెడు దాల్చినచెక్క పొడి. ఓవెన్ 200 డిగ్రీలు, 22 నుంచి 28 నిమిషాలు. ఉప్పు బటరే దొరికితే పిండిలో ఉప్పు మానేయండి.

హ్యాండ్ పై పాడైన సంగతి ఓవెన్‌లో బయటపడుతుంది. తప్పు మాత్రం ఎక్కువసార్లు అంతకు గంట ముందే, బటర్ మెత్తబడినప్పుడో పూర్ణం పలచగా ఉన్నప్పుడో జరిగిపోయి ఉంటుంది.

పూర్ణం పక్కల నుంచి కారి ట్రేకి అంటుకుపోతోంది

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే. ముందు పూర్ణాన్ని చూడండి. పచ్చి పండు ముక్కల్లో పంచదార కలిపి అలాగే పెడితే పంచదార నీటిని బయటికి లాగుతుంది. ఆ నీరు ఓవెన్‌లో మరిగి, అంచు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తోసుకుని వస్తుంది. అందుకే పూర్ణం పొయ్యి మీదే పూర్తిచేయాలి.

ఆపిల్‌ను అర సెం.మీ. ముక్కలుగా తరిగి, పంచదార కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత మూత తీసి నీరు ఇగరనివ్వాలి. కార్న్‌ఫ్లోర్‌ను రెండు స్పూన్ల చన్నీళ్లలో కలిపి పోసి, బుడగలు వస్తూ ఒక నిమిషం ఉడకనివ్వండి. మరిగే వేడికి దగ్గరపడితేగానీ అది పూర్తిగా చిక్కబడదు. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే రెండు మూడు సెకన్లు పూడకుండా నిలవాలి. నిమ్మరసం స్టవ్ ఆపాకే వేయండి. పులుపుతో ఎక్కువసేపు ఉడికితే కార్న్‌ఫ్లోర్ మళ్లీ పలచబడుతుంది.

పండు రకం కూడా చూసుకోవాలి. రెడ్ డెలీషియస్ ఆపిల్ త్వరగా గుజ్జవుతుంది, పులుపు తక్కువ. పచ్చగా ఉండే గ్రానీ స్మిత్ ముక్క ముక్కగా నిలుస్తుంది. మామిడి కాలంలో బంగినపల్లి చక్కగా సరిపోతుంది, అదీ దోరగా ఉన్నప్పుడే. రసాలు తినడానికి ఎంత బాగున్నా ఇక్కడ పనికిరావు, వాటిలో రసమూ పీచూ ఎక్కువ. మామిడికి పంచదార 30 గ్రాములు చాలు, కార్న్‌ఫ్లోర్ ఒకటిన్నర టేబుల్ స్పూను వేయాలి.

పూర్ణం సరిగ్గానే ఉన్నా కారుతోందంటే లోపం మూయడంలో ఉంది. ఒక్కో బిళ్లకు ఒక టేబుల్ స్పూను మించి పెట్టకండి. చుట్టూ ఒకటిన్నర సెం.మీ. అంచు ఖాళీగా ఉండాలి. అంచు మీద పొడి పిండి గానీ పూర్ణం తడి గానీ ఉంటే అతకదు. పిండి దులిపి, వేలితో పలచగా నీళ్లు రాసి, మడిచి, లోపలి గాలిని నొక్కి బయటికి పంపి, అప్పుడు ఫోర్కుతో నొక్కండి. కజ్జికాయకు తిప్పినట్టు మెలిక తిప్పితే ఇంకా గట్టిగా పడుతుంది. పైన సెం.మీ. పొడవున రెండు మూడు గాట్లు తప్పనిసరి. ఆవిరికి దారి ఇవ్వకపోతే అదే దారి చేసుకుంటుంది.

పొరలు రాలేదు, గట్టిగానో, గుల్లగానో వచ్చింది

బటర్‌లో కొవ్వుతో పాటు 16 శాతం దాకా నీరు ఉంటుంది. పిండి మధ్య బటర్ చిన్న చిన్న బిళ్లలుగా ఉంటే, ఓవెన్ వేడికి ఆ నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. బటర్ ముందే కరిగి పిండిలో ఇంకిపోతే లేపడానికి ఏమీ మిగలదు. నెయ్యి వాడినవాళ్లకు పొరలు రాకపోవడానికీ కారణం ఇదే. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు కాబట్టి హ్యాండ్ పై గుల్లగా రాలుతుంది. రుచి బాగానే ఉంటుంది, పొరలు మాత్రం ఆశించకండి.

బటర్‌ను సెం.మీ. ముక్కలుగా కోసి 15 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. మైదాను, గిన్నెను కూడా ఫ్రిజ్‌లో ఉంచండి. వేళ్ల కొసలతో కలుపుతూ, బఠాణీ గింజంత ముక్కలు ఇంకా కనిపిస్తుండగానే ఆపేయాలి. ఎండాకాలం మధ్యాహ్నం మన వంటింట్లో ఈ పని పెట్టుకోవద్దు, తెల్లవారుజామున చేసుకోండి. చేతికి జిడ్డు తగిలిన క్షణం ఆపి, ముద్దను 20 నిమిషాలు ఫ్రిజ్‌లోకి పంపాలి.

గట్టిగా, సాగేలా వచ్చిందంటే మాత్రం పిసకడం ఎక్కువైంది. చపాతీ పిండి కలిపిన అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. మైదాలో సాగే గుణమిచ్చే గ్లూటెన్ అనే ప్రొటీన్ పిసికిన కొద్దీ బిగుస్తుంది. నీళ్లు స్పూను స్పూనుగా చల్లి, గుప్పెట్లో నొక్కితే ముద్దగా నిలిస్తే చాలు. నున్నగా కానక్కర్లేదు.

కాలేటప్పుడు ముడుచుకుని అంచు విచ్చుకుంటోంది

పిండికి విశ్రాంతి చాలలేదు. కలిపాక కనీసం గంట, బిళ్లలు ఒత్తాక మరో 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉండాలి. అప్పడాల కర్రతో ఒకే వైపు లాగకుండా పావు తిప్పు తిప్పుతూ 3 మి.మీ. మందాన ఒత్తండి.

మడిచేటప్పుడే పగులుతోంది

ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే మడిచారేమో, ఐదు నిమిషాలు బయట ఉంచి చూడండి. అప్పటికీ పగిలితే నీళ్లు తక్కువయ్యాయి. తర్వాతి ముద్దకు ఒక స్పూను పెంచండి.

పైన ఎర్రగా కాలింది, అడుగు పచ్చిగా ఉంది

పూర్ణం వేడిగా ఉండగా నింపితే అడుగు పొర అక్కడే నానిపోతుంది. పళ్లెంలో పరిచి, ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లబరచాకే నింపండి. పూర్ణం కింద అర టీస్పూను రస్కు పొడి చల్లితే మిగిలిన తడిని పీల్చుకుంటుంది.

ఓటీజీలో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు ఓవెన్) కింది, పై రాడ్లు రెండూ వెలిగేలా పెట్టి, 15 నిమిషాలు ముందుగా వేడిచేసి, ట్రేను మధ్య అర కన్నా ఒక మెట్టు కింద ఉంచండి. లోపలి వేడి డయల్ మీది అంకెతో కలవకపోవడం మామూలే. చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ అనుమానం తీరిపోతుంది. సిలికాన్ షీటు అడుగుకు వేడి సరిగ్గా అందనివ్వదు, బేకింగ్ పేపర్ చాలు. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో చాలా మోడళ్లకు అడుగున రాడ్ ఉండదు. అందులో లోహపు ట్రేను కన్వెక్షన్ మోడ్‌లోనే పెట్టి వేడిచేసి, పైలను పేపర్‌తో సహా ఆ వేడి ట్రే మీదకు జరపండి. మైక్రో మోడ్‌లో ఆ ట్రే వాడకూడదు.

ట్రేలో బటర్ మడుగు కట్టింది

పైలు మెత్తబడి ఓవెన్‌లోకి వెళ్లాయి, లేదా ఓవెన్ చాలినంత వేడెక్కలేదు. నింపిన పైలను 20 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి నేరుగా ఓవెన్‌లో పెట్టండి. 160 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కాలుద్దామనుకుంటే పొర గట్టిపడేలోపే బటర్ కారిపోతుంది.

రంగు రాలేదు

ఒక గుడ్డుకు టీస్పూను పాలు గిలకొట్టి పూయండి. గుడ్డు వద్దనుకుంటే రెండు స్పూన్ల పాలల్లో అర టీస్పూను పంచదార కరిగించి పూయాలి. మెరుపు కొంత తగ్గినా రంగు వస్తుంది.

మర్నాటికి మెత్తబడిపోయింది

వేడి మీద డబ్బాలో పెట్టి మూత వేసి ఉంటారు. తీగల స్టాండు మీద గంటసేపు ఆరనివ్వండి. మెత్తబడినవాటిని 170 డిగ్రీల ఓవెన్‌లో 8 నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే పొర సాగుతుంది. వానాకాలంలో అన్నీ ఒకేసారి కాల్చకండి. కాల్చని పైలను విడివిడిగా ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, సంచిలో వేసి దాచుకుని, కావలసినన్ని మాత్రం తీసి మంచు కరగకముందే ఓవెన్‌లో పెట్టండి. మామూలు సమయానికి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎక్కువ పడుతుంది.