జ్వరం రాకముందే జీతం లెక్క చూసుకోండి: బెంగళూరులో పనిచేసే మనవాళ్లకు జాగ్రత్తలు

కరోనా రోజుల్లో గేటు దగ్గర టెంపరేచర్ చూస్తారని, పొద్దున్నే డోలో మింగి, ఒళ్లు చల్లబడ్డాక డ్యూటీకి వెళ్లినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లను తప్పుపట్టాలని నాకు అనిపించదు. వారం ఇంట్లో కూర్చుంటే జీతంలో కోత, నెల తిరిగేసరికి అద్దె, ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన డబ్బు గుర్తొస్తే ఎవరికైనా టెన్షనే. కానీ అలా వెళ్లిన ఒక్కరి జ్వరం లైన్‌లో పక్కన నిలబడ్డవాళ్లకూ, రూమ్‌మేట్లకూ పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది గానీ, ఇంకో వేవ్ రాదని హామీ ఎవరూ ఇవ్వలేరు. సెలవు పెడితే డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందే తెలిసిన మనిషి జ్వరం దాచుకోడు. అందుకే మాస్కుల కంటే ముందు జీతం సంగతి చెబుతున్నాను.

ముందు పే స్లిప్ తీయండి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే, మీ సంస్థ ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) కిందకు వస్తే, కోతల్లో ఈఎస్ఐ అని ఒక లైన్ ఉంటుంది. మీ జీతం నుంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం కడతారు. ఆ లైన్ ఉండి మీ దగ్గర పది అంకెల ఇన్సూరెన్స్ నంబర్ లేకపోతే ఈ వారమే హెచ్‌ఆర్‌ని అడిగి తీసుకోండి. ఆ నంబర్‌తో ఈఎస్ఐ పోర్టల్‌లో మీ పేరున డబ్బు నిజంగా జమ అవుతోందో లేదో చూసుకోవచ్చు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీన్ పనుల్లో కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. కాంట్రాక్టర్ కట్టకపోతే, మీరు ఏ కంపెనీ గేటు లోపల పనిచేస్తున్నారో ఆ కంపెనీయే కట్టాల్సి ఉంటుంది. ఈ సంగతి తెలియక చాలామంది కాంట్రాక్టర్ చుట్టూనే తిరుగుతుంటారు.

ఈఎస్ఐలో జబ్బు సెలవుకు వచ్చే డబ్బును సిక్‌నెస్ బెనిఫిట్ అంటారు. సగటు రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి, ఇలా ఆరేసి నెలలు లెక్కిస్తారు. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. కొత్తగా చేరినవాళ్లకు వైద్యం వెంటనే అందుతుంది, ఈ డబ్బుకు మాత్రం సుమారు తొమ్మిది నెలలు ఆగాలి.

ఇంకో మెలిక ఉంది. జబ్బు పడ్డ మొదటి రెండు రోజులకు మామూలుగా ఈఎస్ఐ డబ్బు ఇవ్వదు. 18,000 జీతం అనుకుందాం. రోజుకు 600, అందులో 70 శాతం 420. ఏడు రోజులు సెలవు పెడితే ఐదు రోజులకే లెక్క, అంటే సుమారు 2,100. ఒకే రోజుకు కంపెనీ సెలవు జీతం, ఈఎస్ఐ డబ్బు రెండూ తీసుకోకూడదు. కాబట్టి మిగిలిన సెలవుల్లో రెండు ఆ మొదటి రెండు రోజులకు వాడుకుంటే కోత తగ్గుతుంది. ఏడాది మొదట్లోనే సెలవులన్నీ ఊరి జాతరకు, పెళ్లిళ్లకు ఖర్చు చేయకండి, రెండు మూడు దాచుకోండి.

21,000 దాటిన ఐటీ, ఆఫీసు, షాపు ఉద్యోగులకు కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో జబ్బు సెలవు ఉంది. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఎన్ని రాశారో చదవండి. భవన నిర్మాణ పనివాళ్లు 90 రోజుల పని చూపించి సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. ఆసుపత్రిలో చేరితే సాయం అక్కడినుంచి వస్తుంది. డెలివరీ పనివాళ్లు యాప్‌లో ఇన్సూరెన్స్ అనే చోట ఏమేమి రాశారో ఇప్పుడే చూడాలి. ఇళ్లల్లో పనిచేసే అక్కలకు మాత్రం ఇవేవీ లేవు. వాళ్లను పనికి పెట్టుకున్న మనమే ఆ వారం జీతం కోయకుండా ఇవ్వాలి.

ప్రభుత్వం అప్పటికప్పుడు ఏదో ఆర్డర్ ఇస్తుందిలే అని కూర్చోవద్దు. 2020 మార్చి 29న లాక్‌డౌన్‌లో పూర్తి జీతం ఇవ్వాలని కేంద్ర హోం శాఖ ఆదేశించింది. మేలో అది పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోమంది. నిలబడేది పాత చట్టాల్లో ఉన్న సెలవే.

ఇక వేరుగా ఉండటం. 2022 జనవరి నిబంధనల ప్రకారం పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం ఏడు రోజులు ఇంట్లో ఉండాలి, వరుసగా మూడు రోజులు జ్వరం లేకుండా గడవాలి. కొత్త వేవ్ వస్తే ఈ లెక్క మారవచ్చు, అప్పటి రాష్ట్ర సర్క్యులర్ చూడండి. మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో నలుగురు ఒకే గదిలో ఉంటారు, బాత్రూమ్ కూడా ఒకటే. అలాంటి చోట నిబంధన పాటించడం చెప్పినంత తేలిక కాదు. ఓనర్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి: ఎవరికైనా జ్వరం వస్తే ఏ గది ఖాళీ చేసి ఇస్తారు, టిఫిన్ గుమ్మం దగ్గర పెడతారా, అదనంగా అద్దె అడుగుతారా? జ్వరం వచ్చాక అడిగితే బయటికి పొమ్మంటారేమోనన్న భయంతో నోరు లేవదు.

జ్వరం వంద డిగ్రీలు దాటి మూడు రోజులైనా దిగకపోయినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పిగా ఉన్నా, మాట తడబడుతున్నా ఆగకండి. ఆక్సిజన్ గంటలో మూడుసార్లు చూసినా 93 లేదా అంతకంటే తక్కువే ఉంటే 108కి ఫోన్ చేయండి.

జ్వరంతో మెజెస్టిక్‌కు వెళ్లి హిందూపురం, మదనపల్లె బస్సెక్కకండి. అమ్మ చేతి జావ తాగాలనిపించడం సహజమే, కానీ ఊళ్లో ఉన్నది వయసు మళ్లినవాళ్లు. అప్పటికే ఊళ్లో ఉండి అక్కడే జబ్బుపడితే ఇన్సూరెన్స్ నంబర్‌తో దగ్గర్లోని ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లండి, ప్రైవేటులో చూపించుకుంటే ప్రతి చీటీ, బిల్లు దాచండి.

జ్వరం తగిలిన రోజే సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పండి: "సార్, నిన్న రాత్రి నుంచి జ్వరంగా ఉంది. ఈరోజు ఈఎస్ఐ డాక్టర్‌కు చూపించుకుంటున్నాను. సర్టిఫికెట్ సాయంత్రం పంపిస్తాను." ఫోన్‌లో మాట్లాడితే తర్వాత ఎవరికీ గుర్తుండదు. డాక్టర్ ఇచ్చే మొదటి సర్టిఫికెట్‌లో మీ పేరు, నంబర్, తేదీ సరిగా ఉన్నాయో అక్కడే చదివి, ఫోటో తీసుకున్నాకే ఇవ్వండి. సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయకూడదని 1948 నాటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ చెప్పేది. 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, కాబట్టి ఇప్పటి నియమం ఏమిటో కనుక్కోండి. ఎవరైనా రావద్దని బెదిరిస్తే ఆ మెసేజ్ చెరపకండి, 1800 11 2526కు ఫోన్ చేసి అడగండి. మళ్లీ డ్యూటీకి వెళ్లే ముందు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని, ఒక కాపీ హెచ్‌ఆర్‌కు, ఇంకొకటి మీ దగ్గర పెట్టుకోండి.