సింఫనీ కచేరీకి టికెట్ ధర ఎలా నిర్ణయించాలి

ఖర్చును కుర్చీలతో భాగిస్తే ధర రాదు. ఆర్కెస్ట్రా ఖర్చులో పెద్ద వాటా జీతాలదే. హాలు నిండినా, సగం ఖాళీగా ఉన్నా అవి మారవు. వాద్యకారులను తగ్గించి అదే సింఫనీ వాయించలేం. ఆర్థికవేత్తలు బామోల్, బోవెన్ 1966లో చూపిన చిక్కు ఇదే. అందుకే టికెట్లతో మొత్తం ఖర్చు రాదని ముందే ఒప్పుకుని, విరాళాలు, గ్రాంట్లు విడిగా లెక్క కట్టండి.

తర్వాత సీటింగ్ ప్లాన్ తీయండి. గత కచేరీల్లో ఏ సీట్లు ముందుగా అమ్ముడయ్యాయో రంగులతో గుర్తించి, నాలుగైదు ధరల శ్రేణులు చేయండి. మొదటి వరుసలకే అత్యధిక ధర పెట్టడం పొరపాటు: అక్కడి నుంచి వెనక వాద్యాలు కనిపించవు, ధ్వనీ సరిగా కలవదు. బాల్కనీలో చాలాసార్లు అంతకంటే బాగా వినిపిస్తుంది.

శ్రేణులు ఎందుకంటారా? 1,500 సీట్ల హాల్లో ఒకే ధర 50 పెడితే 900 అమ్ముడయ్యాయనుకోండి, రాబడి 45,000. అదే 90కి 200, 50కి 500, 20కి 500 అమ్మితే 53,000. పైగా 300 మంది ఎక్కువ వచ్చారు.

అమ్మకం సీజన్ చందాదారులతో, అంటే సీజన్ కచేరీలకు ముందే డబ్బు కట్టేవాళ్లతో, మొదలుపెట్టండి. వాళ్ల సీటు ధర కంటే తక్కువకు అదే శ్రేణి టికెట్ తర్వాత ఎవరికీ ఇవ్వకండి. ఇస్తే వచ్చే ఏడాది చందా కట్టరు. గిరాకీ ఉన్న శ్రేణిలో ధర మెల్లగా పెంచవచ్చు. చివరి రోజు తగ్గింపు మాత్రం విద్యార్థులకే, పరిమిత సీట్లకే. అందరికీ ఇస్తే జనం ఆ రోజు కోసమే కాచుకుంటారు. ఉచిత పాసులైతే మరీ మోసం, తీసుకున్నవాళ్లలో చాలామంది రానే రారు.