డయాలసిస్ రోజు పాత డోసు ఇన్సులిన్ వేయకండి

పోయిన మంగళవారం మా అమ్మ పక్క బెడ్‌లో డయాలసిస్ చేయించుకునే పెద్దాయనని మధ్యాహ్నం మళ్ళీ ఆటోలో తీసుకొచ్చారు. పొద్దున ఆరింటి షిఫ్ట్ అని ఐదింటికే ఎప్పుడూ వేసుకునేంత ఇన్సులిన్ వేసుకున్నాడు, వికారంగా ఉందని టీ మాత్రం తాగి వచ్చేశాడు. ఇంటికెళ్ళాక మాట ముద్దగా వస్తుంటే డయాలసిస్ నీరసమేలే అని పడుకోబెట్టారట. తెచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. సిస్టర్ వేలు గుచ్చి చూస్తే షుగర్ 38. ఎలాగో బతికాడు.

ఉప్పు, నీళ్ళ కొలతలు మీకు రోజూ చెప్తూనే ఉంటారు, అవి వదిలేస్తున్నా. నేను చూసినంతలో మనుషుల్ని పడేసేది పాత డోసే. వేసుకున్న ఇన్సులిన్‌ని ఒంట్లోంచి తీసేసే పనిలో పెద్ద వాటా కిడ్నీలది. అవి చెడిపోయాక అదే డోసు ఎక్కువసేపు పనిచేస్తూ షుగర్‌ని లాగేస్తుంది. కొందరికి పాత డోసులో సగం సరిపోతుంది. కిడ్నీ పోయాక షుగర్ దానంతటదే తగ్గిందని సంబరపడే వాళ్ళని ఎంతమందినో చూశాను. జబ్బు తగ్గలేదండీ, మందు ఒంట్లో నిలిచిపోతోంది, పైగా తిండి తగ్గింది.

అందుకే డయాలసిస్ మొదలైన వారంలోనే కిడ్నీ డాక్టర్‌కీ షుగర్ డాక్టర్‌కీ మందులన్నీ సంచితో సహా చూపించండి. డయాలసిస్ ఉన్న రోజుకి ఎంత, లేని రోజుకి ఎంత, తినలేకపోతే ఎంత అని విడివిడిగా రాయించుకోండి. మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్రలు ఇంకా వేసుకుంటుంటే ఇవాళే అడగండి, డయాలసిస్ వాళ్ళు వాడాల్సినవి కావవి. భయపడి ఇన్సులిన్ మొత్తం మానేయడం కూడా తప్పే, షుగర్ పెరిగితే దాహం ఆగదు, తాగిన నీళ్ళన్నీ ఒంట్లో చేరి ఆయాసం వస్తుంది.

మూడు నెలల షుగర్ టెస్ట్ ఒక్కటే నమ్ముకోవద్దు, రక్తం తక్కువై అది పెరగడానికి ఇంజెక్షన్లు వేయించుకునే వాళ్ళకి అది ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. మెషిన్ ఎక్కే ముందు, దిగాక, పడుకునే ముందు వేలు గుచ్చి చూడండి. డయాలసిస్ ద్రావణంలో గ్లూకోజ్ ఉందో లేదో టెక్నీషియన్‌ని అడగండి, లేకపోతే ఆ నాలుగు గంటల్లో షుగర్ కూడా కొంత బయటికి పోతుంది. కొన్ని బీపీ మాత్రలు వణుకు, గుండెదడ తెలియనివ్వవు, కాబట్టి నీరసం అనగానే ముందు మీటర్ తీయండి.

షుగర్ 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార కొంచెం నీళ్ళలో, పావుగంటకి మళ్ళీ టెస్ట్. కొబ్బరినీళ్ళు వద్దు, బత్తాయి రసం వద్దు, అరటిపండు వద్దు. ఎండాకాలం కదా, బండి కనిపించగానే ఒక బొండాం కొట్టించి పట్టేస్తారు, అందులో పొటాషియం గుండెనే ఆపేయగలదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఫిస్టులా చేతికి, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చేతికి, వేరే సూది, బీపీ పట్టీ వద్దు. చెప్పుల్లేకుండా గడప దాటొద్దు, రోజూ అరికాళ్ళు చూడండి. జేబులో పంచదార పొట్లం ఉండాలి. ఒంటరిగా పంపకండి. పొద్దున ఏమీ తినలేదా, పాత డోసు వేయకండి, ముందు డయాలసిస్ యూనిట్‌కి ఫోన్ చేసి అడగండి.