ఎన్నడూ ఎగరని విమానం: ఫ్లోట్ విమాన నమూనాలో తలెత్తే సమస్యలు, పరిష్కారాలు

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆ మరుసటి ఏడాది ఈ రేవుకు కాపలాగా, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున నీటి మీద నిలిచి ఉండే యుద్ధవిమానం ఒకటి ఉండి ఉంటే ఎలా ఉండేదన్న ఊహతో, 1/72 కొలతలో ఒక హరికేన్ (రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానం) ప్లాస్టిక్ కిట్‌కు వేరే కిట్‌లో మిగిలిపోయిన రెండు ఫ్లోట్లు (విమానాన్ని నీటి మీద తేల్చే పడవలాంటి తొట్లు) జోడించి ఈ నమూనాను కట్టాను. నిజంగా ఎగిరిన విమానమైతే మన తప్పు ఫొటోలో తెలిసిపోతుంది. ఊహా విమానానికి ఆ ఆధారం ఉండదు కనుక, లోపం కనిపించినప్పుడల్లా కారణాన్ని మనమే తర్కించి పట్టుకోవాలి.

సమస్య: బల్ల మీద పెట్టగానే తోక కిందికి వాలిపోతోంది

అసలు హరికేన్ ముక్కులో బరువైన మెర్లిన్ ఇంజిన్ ఉంటుంది. మన నమూనా ముక్కులో ఉండేది ఖాళీ. పైగా ఫ్లోట్ అడుగున, విమానం నీటిని విడిచి లేవడానికి వీలుగా ఒక మెట్టు ఉంటుంది, నమూనా ఆ మెట్టు మీదే తూగుతుంది. మెట్టు గరిమనాభికి, అంటే బరువు రెండు వైపులా సమంగా తూగే చోటుకు, ముందు పడితే తోక వాలక తప్పదు. జిగురు పెట్టకముందే భాగాలన్నిటినీ టేపుతో కలిపి, రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య దారం కట్టి వేలాడదీయండి. ముక్కు కొద్దిగా కిందికి వంగేదాకా లోపల బరువు వేసి, మెట్టు ఆ దారానికి కాస్త వెనుకగా వచ్చేటట్లు ఫ్లోట్లను జరపండి. బరువుకు చేపల రేవు దగ్గర వలలకు కట్టే సీసపు గుండ్లు చక్కగా సరిపోతాయి.

సమస్య: పూర్తయిన ఏడాదికో రెండేళ్లకో ముక్కు అతుకు విచ్చుకుంది

ఇది నాకు జరిగింది. అల్మరాలో ఉన్న నమూనాను దుమ్ము దులుపుదామని చేతిలోకి తీసుకుంటే, ముక్కు కింద అతుకు గోరు పట్టేంత తెరుచుకుని, లోపల నుంచి తెల్లని పిండి రాలింది. తప్పు పూర్తిగా నాదే: సీసపు గుండ్లను చెక్క పనికి వాడే తెల్ల జిగురుతో అతికించాను. ఆ జిగురు నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి మూసి ఉన్న చోట సీసాన్ని తినేస్తుంది. పుట్టిన సీసపు కార్బొనేట్ అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి ప్లాస్టిక్‌ను చీలుస్తుంది. సముద్రపు చెమ్మ ఈ పనిని వేగిరపరుస్తుంది. గుండ్లను రెండు భాగాలు కలిపే ఎపాక్సీలో పూర్తిగా ముంచి అమర్చండి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోవడం మరవకండి. ఇప్పటికే విచ్చుకున్న దానికి అతుకు తెరిచి, పిండిని తడి గుడ్డతో తీసి, మళ్లీ మొదలుపెట్టడమే మార్గం. పైపైన పుట్టీ పూస్తే మళ్లీ పగులుతుంది.

సమస్య: రంగు ఆరాక తెల్లని మంచు పొరలా కనిపిస్తోంది

లాకర్ రంగులోని థిన్నర్ త్వరగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరుగా మారి రంగులో చిక్కుకుంటుంది. విశాఖలో జూలై నుంచి అక్టోబరు దాకా సాయంత్రం పూట ఎయిర్‌బ్రష్ పట్టడం మనం కోరి తెచ్చుకునే కష్టం. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను పలుచగా మళ్లీ కొడితే పొర చాలాసార్లు కరిగి పోతుంది. ఇకమీదట ఏసీని డ్రై మోడ్‌లో పెట్టిన గదిలో, తేమ మీటరు 60 శాతానికి దిగాకే కొట్టండి. రంగుతో పాటు నీటి చుక్కలు కూడా పడుతుంటే, గొట్టానికి తేమ వడపోత బిగించి, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని తీసివేయండి.

పైరంగు కింద ఉప్పు చల్లి, తర్వాత రాల్చి రంగు ఊడిన పెచ్చులు చూపించే పద్ధతి కూడా ఇక్కడ మొండికేస్తుంది. తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తానే నీరై, పెచ్చులకు బదులు మరకలు మిగులుస్తుంది. వానాకాలంలో దాని జోలికి పోకుండా, వెండి రంగు మీద హెయిర్ స్ప్రే కొట్టి, పైరంగు వేసి, తడి బ్రష్‌తో రుద్దడం మేలు.

సమస్య: పనితనంలో లోపం లేదు, అయినా చూసేవారికి నమ్మకం కలగడం లేదు

దీనికి నాకు మూడు కారణాలు కనిపించాయి. మొదటిది విమానం ఒంటి మీది లోహపు పలకలు కలిసే చోట ఉండే గీతలు. 0.2 మిల్లీమీటర్ల గీత 1/72 కొలతలో అసలు విమానం మీద 14 మిల్లీమీటర్లకు పైబడిన సందు అవుతుంది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలిపిన టీయూ-142 విమానాన్ని పది అడుగుల దూరం నుంచి చూడండి, అతుకులు ఎంత మసకగా ఉంటాయో తెలుస్తుంది. గీతల్లో నల్లరంగు నింపడం మానండి. ప్రైమర్‌తో సగం పూడ్చండి. రెండోది తోక. ముందుకు చొచ్చుకొచ్చిన ఫ్లోట్ల వల్ల విమానం పక్కకు తిరిగిపోయే గుణం పెరుగుతుంది. స్పిట్‌ఫైర్ అనే మరో బ్రిటిష్ యుద్ధవిమానాన్ని నిజంగానే ఫ్లోట్ల మీద ఎగిరించినప్పుడు తోక కింద అదనపు ఫిన్ (నిలువు రెక్క) అమర్చారు. అందుకే పలుచని ప్లాస్టిక్ షీటుతో నేనూ ఒకటి కోసి పెట్టాను. మూడోది గుర్తులు. జపాన్ విమానాల మీది ఎర్రని గుండ్రంతో పొరపాటు పడకుండా, 1943 నాటికి ఈ ప్రాంతపు బ్రిటిష్ విమానాల మీది గుర్తింపు వలయాల్లోంచి ఎరుపును తొలగించారు. కిట్‌లో వచ్చిన ఎర్ర బొట్టు స్టిక్కర్‌ను అలాగే అంటిస్తే కథ అక్కడే తెగిపోతుంది. బొట్టు మీద తెల్ల రంగు దిద్దండి.

సమస్య: కాక్‌పిట్ అద్దం లోపల పొగ పట్టింది

సూపర్ గ్లూ ఆవిరి పని ఇది. మెత్తని పాలిష్‌తో రుద్దితే పోతుంది. మళ్లీ అతికించేటప్పుడు అదే తెల్ల జిగురు వాడండి, ఇక్కడ సీసం లేదు కనుక భయం లేదు.

సమస్య: స్టిక్కర్ చుట్టూ వెండిలా మెరుస్తోంది

గరుకు రంగు గుంతల్లో గాలి చిక్కుకుంది. సన్న సూదితో అక్కడక్కడ పొడిచి, స్టిక్కర్‌ను మెత్తబరిచే సెట్టింగ్ ద్రావకం రెండు చుక్కలు వదిలి, తడి దూదితో నడుమ నుంచి అంచులకు మెల్లగా ఒత్తండి. ఒక రాత్రి ఆరాక ఇంకా మెరిస్తే మళ్లీ పొడవండి.