సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూడ్డానికి పోతున్నారా?

అనంతపురంలో అమ్మకానికొచ్చే ఇట్లాంటి బండ్లలో కేఏ (కర్ణాటక) నంబరువి తరచూ కనిపిస్తాయి. బెంగళూరు దగ్గరే కదా. నలభైనాలుగో నంబరు హైవే మీద అర్ధరాత్రి ఎంత తొక్కారో ఓడోమీటరు చెప్పదు.

పొద్దున్నే పోండి. అమ్మేటాయన స్టార్ట్ చేయకముందే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే తిప్పి పెట్టాడని అర్థం, ఇంకో రోజు వస్తానని వచ్చేయండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే అసలు రంగు బయటపడేది. నీలం పొగొస్తే ఆయిల్ కాలుతున్నట్టే. టర్బో బండైతే ఆ ఖర్చు మామూలుగా ఉండదు.

తర్వాత టైర్లు. పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అరుగుదల లేకున్నా, మన ఎండలకు పాత రబ్బరు పగుళ్లిస్తుంది. లోపలి అంచు మాత్రమే అరిగుంటే అలైన్‌మెంటో సస్పెన్షనో తేడా.

లిఫ్ట్ మీదికి ఎక్కించకుండా బేరం మొదలుపెట్టొద్దు. ఈ బండ్లు నేలకు ఆనుకుని ఉంటాయి, మన స్పీడ్ బ్రేకర్లు చూస్తిరి కదా! ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, అదే ఆయిల్ సంప్, గీసుకుపోయిందేమో టార్చి వేసి చూడండి. ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్పించారా అని కూడా మొహమాటం లేకుండా అడగండి.

కాగితాల్లో ఎన్‌ఓసీ (బండి రిజిస్టరైన ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం), లోన్ తీరిన లెటరు ఉన్నాయా, చలాన్లు బాకీ ఉన్నాయా చూడండి. పక్క రాష్ట్రం బండికి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాల. ఆ లెక్క ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కుని, ధరలో తగ్గించి అడగండి.