పదిమందిలో పాము ఎందుకు చావదు? (జట్టు నాయకత్వం: మూడవ పాఠం)

రాబోయే సంవత్సరంలో మీ జట్టు చేయవలసిన పనులన్నింటినీ నెలలవారీగా ఒక నోటుపుస్తకంలో రాసుకోమని గత పాఠంలో కోరాను. ఈసారి ఆ పుస్తకాన్నే ముందు పెట్టుకుని, ప్రతి పనికీ ఎదురుగా ఒక్క మనిషి పేరు రాయడం నేర్చుకుందాం.

ఫ్రాన్సుకు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ మనుషుల చేత తాడు లాగించి, వారి బలాన్ని కొలిచాడు. లాగేవారు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ పోతుందని 1913లో ప్రచురించిన ఫలితాలలో చూపాడు. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడమే దీనికి ముఖ్య కారణమని ఆయన భావించాడు. అయితే 1974లో అమెరికా పరిశోధకులు ఒక మనిషి కళ్లకు గంతలు కట్టి, వెనుక ఇంకా కొందరు లాగుతున్నారని నమ్మించి ఒంటరిగా లాగించినప్పుడు కూడా అతని బలం తగ్గింది. అంటే లోపం లయలోనే కాదు, మనసులోనూ ఉంది.

లయను సరిచేయడం అంత కష్టం కాదు. తిరుమల బ్రహ్మోత్సవాలలో ఎనిమిదవ రోజు రథం లాగేటప్పుడు గోవింద నామమే అన్ని చేతులనూ ఒక్కటి చేస్తుంది. మనసు సంగతి అలా కాదు.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను షిఫ్టు ఇన్‌చార్జిగా ఉన్న రోజులవి. తోతాపురి సీజను ముమ్మరంగా సాగుతోంది. కాయలు ఏరే బెల్టు పక్కన ఎనిమిది మంది ఆడవాళ్లు నిలబడేవారు. “కుళ్లిన కాయ ఒక్కటి కూడా లోపలికి పోకూడదమ్మా” అని అందరికీ కలిపి చెప్పి, నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆ రాత్రి ఒక బ్యాచి గుజ్జు పులిసిన వాసన వచ్చింది. నేను కోప్పడితే, వారిలో పెద్దామె నెమ్మదిగా, “ఎనిమిది మందిమి ఉండాం సార్. పక్కామె తీసేస్తాదిలే అనుకుంటాం గదా. ఎవురు ఏంది చూడాల్నో చెప్పండి” అంది. తప్పు నాదేనని అప్పుడు అర్థమైంది.

మరునాడు మొదటి ముగ్గురికి కుళ్లు, తరువాతి ముగ్గురికి పచ్చికాయలు, ఏడవ ఆమెకు తొడిమలు అప్పగించి, ప్రతి ముగ్గురిలో ఒకరిని బాధ్యురాలిగా పేరు పెట్టి చెప్పాను. చివరి చూపు పెద్దామెది. అవసరమైతే నన్ను అడగకుండానే బెల్టు ఆపే అధికారం కూడా ఆమెకు ఇచ్చాను. ఈ అధికారం లేకపోతే పేరు రాయడం నింద మోపడానికి దారి చూపడమే అవుతుంది గనుక, ఈ రెండింటినీ ఎన్నడూ విడదీయకండి. ఆ సీజను ముగిసేలోగా ఆమె బెల్టును చాలాసార్లు ఆపింది, ఆపిన ప్రతిసారీ కారణం ఉంది.

ఇక ఈ వారం అభ్యాసం. మీ పుస్తకంలోని మొదటి మూడు నెలల పనులకు బాధ్యుని పేరు, పూర్తి కావలసిన తేదీ, అతడు తనంతట తాను తీసుకోగల నిర్ణయం ఒక్కొక్క వరుసలో రాయండి. సాయపడేవారు ఎందరైనా ఉండవచ్చు గాని, బాధ్యుడు ఒక్కడే ఉండాలి. రాసినది వారికి మీరే ఎదురుగా కూర్చుని చదివి వినిపించి, ఒప్పుకోలు తీసుకోండి. సగానికి మించి వరుసలలో మీ పేరే కనిపిస్తే కొట్టివేయకుండా అలాగే ఉంచండి. నాలుగవ పాఠం ఆ వరుసలతోనే మొదలవుతుంది.